లాక్‌డెప్ హెచ్చరిస్తోంది, యంత్రం మాత్రం ఎప్పుడూ ఆగిపోలేదు. వదిలేయవచ్చా?

సందీప్ (చర్చ ప్రారంభం)

నమస్కారం. మా బృందం చేతికి ఒక పాత యూఎస్‌బీ డ్రైవర్ వచ్చింది. రాసినవారు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయారు. దాన్ని లినక్స్ 6.1 కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) మీదికి తెస్తూ, లాకులు తీసుకునే క్రమాన్ని తనిఖీ చేసే లాక్‌డెప్ అనే సాధనాన్ని ఆన్ చేసి బిల్డ్ చేశాను. పరికరాన్ని పీకగానే కెర్నల్ లాగ్‌లో పొడవైన హెచ్చరిక వచ్చింది. లాకులు వలయంగా ఒకదానికోసం ఒకటి ఎదురుచూసే అవకాశం ఉందని దాని సారాంశం.

డ్రైవర్‌లో రెండు మ్యూటెక్స్‌లు, అంటే ఒకసారికి ఒక్కరే పట్టుకోగల లాకులు, ఉన్నాయి. అన్ని పరికరాల జాబితాకు కాపలా కాసేదాన్ని జాబితా లాక్ అంటాను. రెండోది ఒక్కో పరికరానికి ఒకటి, పరికర లాక్. ఓపెన్ ఫంక్షన్ జాబితా లాక్ తీసుకుని, పరికరాన్ని వెతికి, దాన్ని వదలకుండానే పరికర లాక్ కూడా తీసుకుంటుంది. డిస్‌కనెక్ట్ ఫంక్షన్ ముందు పరికర లాక్ తీసుకుని, పరికరం పోయిందని గుర్తు పెట్టి, ఆ తర్వాత జాబితా లాక్ తీసుకుని జాబితాలోంచి తొలగిస్తుంది.

క్రమం తలకిందులుగా ఉన్న మాట నిజమే. కానీ ఈ డ్రైవర్ ఏళ్ల తరబడి నడుస్తోంది, హ్యాంగ్ అయిందన్న ఫిర్యాదు మా రికార్డుల్లో లేదు. ఒకరు ఫైలు తెరుస్తున్న క్షణంలోనే మరొకరు కేబుల్ పీకాలి కదా. హెచ్చరిక రాకుండా చేసే అనోటేషన్ ఉందని, అది పెట్టి ముందుకు వెళ్దామని సహోద్యోగి అంటున్నారు. మీ సలహా కావాలి.

---

రమణమూర్తి

సందీప్ గారూ, దయచేసి ఆ అనోటేషన్ పెట్టకండి. మీరు రాసింది చదివితేనే డెడ్‌లాక్, అంటే ఒకరికోసం ఒకరు ఎప్పటికీ ఆగిపోవడం, కళ్ళకు కడుతోంది.

సీపీయూ 0 మీద ఓపెన్ నడుస్తోంది, జాబితా లాక్ దాని చేతిలో ఉంది. అదే సమయంలో సీపీయూ 1 మీద డిస్‌కనెక్ట్ పరికర లాక్ తీసుకుంది. ఇప్పుడు ఓపెన్ పరికర లాక్ అడుగుతుంది, అది దొరకదు, నిద్రపోతుంది. డిస్‌కనెక్ట్ జాబితా లాక్ అడుగుతుంది, అదీ దొరకదు, అదీ నిద్రపోతుంది. ఇద్దరిలో ఎవరూ లేవరు. మామూలు మ్యూటెక్స్ మీద పడిన ఈ నిద్రను ఏ సిగ్నలూ చెదరగొట్టదు కాబట్టి సిగ్నల్ 9 పంపినా ఆ ప్రాసెస్ చావదు. 120 సెకన్లు గడిచాక, హంగ్ టాస్క్ డిటెక్టర్ ఆన్‌లో ఉంటే, లాగ్‌లో ఒక ఫిర్యాదు కనిపిస్తుంది, అంతే.

నష్టం ఆ రెండు త్రెడ్లతో ఆగదు. జాబితా లాక్ ఓపెన్ చేతిలోనే ఉండిపోయింది కనుక మీ డ్రైవర్ కింద ఉన్న ఏ పరికరాన్ని తెరవబోయినా అక్కడే ఆగుతుంది. డిస్‌కనెక్ట్‌ను పిలిచింది యూఎస్‌బీ హబ్ పనులు చూసే వర్కర్. అది ఇరుక్కుంటే ఆ హబ్‌కు తగిలించిన మిగతా పరికరాల రాకపోకలు కూడా నిలిచిపోతాయి. మౌసు పీకి పెట్టినా పట్టించుకునేవారుండరు.

ఇక ఫిర్యాదులు లేకపోవడం గురించి. యంత్రం ఆగితే వాడేవారు చేసే మొదటి పని పవర్ బటన్ నొక్కడం. అది మీ దాకా వచ్చే ఫిర్యాదు కాదు.

---

లక్ష్మీప్రసన్న

రమణమూర్తి గారి మాటకు లాక్‌డెప్ వైపు నుంచి కొంత చేరుస్తాను. హెచ్చరికను నమ్మాలా వద్దా అన్నది అది ఎలా పుడుతుందో తెలిస్తే తేలిపోతుంది.

లాక్‌డెప్ 2006లో 2.6.18 కెర్నల్‌తో వచ్చింది, ప్రధానంగా ఇంగో మోల్నార్ పని. అది డెడ్‌లాక్ జరిగేదాకా ఆగదు. ఒక లాక్ చేతిలో ఉండగా మరొకటి తీసుకున్న ప్రతిసారీ, దీని తర్వాత అది అని ఒక బాణం గీసుకుంటుంది. ఓపెన్ ఎప్పుడో బూట్ సమయంలో ఒక్కసారి నడిచినా చాలు, జాబితా నుంచి పరికరానికి బాణం పడింది. గంటల తర్వాత డిస్‌కనెక్ట్ ఒంటరిగా నడిచింది, పరికరం నుంచి జాబితాకు బాణం పడబోయింది. వలయం పూర్తయింది, హెచ్చరిక వచ్చింది. రెండూ ఒకే సమయంలో నడవనక్కరలేదు, రెండు సీపీయూలు కూడా అక్కరలేదు. ఈ సాధనం గొప్పదనమంతా ఇక్కడే ఉంది: కోటిసార్లలో ఒకసారి కలిసివచ్చే కాలాన్ని పట్టుకోవడానికి మనం కాపు కాయనవసరం లేదు.

రెండో సంగతి. అది లాకులను విడివిడిగా చూడదు, తరగతులుగా చూస్తుంది. మీ కోడులో పరికర లాక్‌ను సిద్ధం చేసే చోటు ఒకటే అయితే, వంద పరికరాలున్నా వాటి లాకులన్నీ ఒకే తరగతి. అందుకే ఒక పరికరాన్ని తెరిచి వేరొక పరికరాన్ని పీకినా హెచ్చరిక వస్తుంది. కొన్నిసార్లు నిజంగానే ప్రమాదం లేని చోట కూడా అరుస్తుంది, అనోటేషన్లు ఉన్నది ఆ చోట్ల కోసమే. మీది ఆ కోవలోది కాదు.

---

కిరణ్

చిన్న డ్రైవర్‌కు రెండు లాకులు ఎందుకు? ఒక్క మ్యూటెక్స్ పెడితే క్రమం అనే ప్రశ్నే రాదు. లాకులు పెంచుకుంటూ పోయి తర్వాత వాటిని కాపాడుకోవడానికి సాధనాలు కట్టుకోవడం నాకు నచ్చదు.

---

రమణమూర్తి

కిరణ్ గారూ, మీ సూత్రం మంచిదే. అవసరం లేని లాకు పెట్టకూడదు. కానీ ఇక్కడ పరికర లాక్ పట్టుకునే యూఎస్‌బీ బదిలీలు జరుగుతుంటాయి అనుకుంటాను. అది మిల్లీసెకన్ల పని, ఒక్కోసారి టైమౌట్ అయ్యేదాకా సెకన్లు. ఒకే లాక్ పెడితే ఒక పరికరం మొరాయించినప్పుడు మిగతావన్నీ దాని వెనుక బారులు తీరతాయి.

లినక్స్ మొత్తం ఒకప్పుడు ఈ దారిలోనే మొదలైంది. 1996లో 2.0తో బహుళ ప్రాసెసర్ల మద్దతు వచ్చినప్పుడు కెర్నల్ అంతటికీ ఒకటే పెద్ద లాక్, బీకేఎల్. దాన్ని పూర్తిగా తీసేసింది 2011లో, 2.6.39లో. పదిహేనేళ్ళు పట్టడానికి కారణం సోమరితనం కాదు. ఆ లాక్ మామూలు లాక్ కాదు: పట్టుకున్న త్రెడ్ నిద్రపోతే దానంతటదే విడిపోయేది, లేచాక మళ్ళీ చేతికి వచ్చేది. పట్టుకున్నవారే మళ్ళీ పట్టుకోవచ్చు కూడా. ఆ వెసులుబాటు మీద ఆధారపడి ఎంత కోడు రాశారో ఎవరికీ స్పష్టంగా తెలియదు. దాని స్థానంలో మామూలు మ్యూటెక్స్ పెట్టిన చోటల్లా, అంతవరకు క్రమం అక్కరలేని చోట ఇప్పుడు క్రమం అవసరమయ్యేది. అందుకే ఒక్కో డ్రైవర్‌ను, ఒక్కో ఫైల్ సిస్టమ్‌ను విడిగా చదివి మార్చాల్సి వచ్చింది.

---

అనూష

నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. తరగతిలో డెడ్‌లాక్‌కు కాఫ్‌మన్ చెప్పిన నాలుగు షరతులు చదివాము: ఒక్కరే వాడగలగడం, పట్టుకుని ఎదురుచూడటం, లాక్కోలేకపోవడం, వలయంగా ఎదురుచూడటం. వీటిలో వలయాన్నే ఎందుకు తెంచుతారు? ఎదురుచూడకుండా, దొరికితే తీసుకో లేకపోతే తిరిగి రా అనే ట్రైలాక్ వాడితే సరిపోదా? మార్స్ పాత్‌ఫైండర్ వ్యోమనౌక 1997లో రీసెట్ అవుతూ పోవడం కూడా డెడ్‌లాక్ వల్లేనా?

---

ఫరీదా

అనూషా, పాత్‌ఫైండర్‌ది డెడ్‌లాక్ కాదు, ప్రాధాన్య విపర్యయం. తక్కువ ప్రాధాన్యం గల పని లాక్ పట్టుకుని ఉండగా మధ్యస్థాయి పనులు దాన్ని నడవనివ్వలేదు, ఆ లాక్ కోసం పైస్థాయి పని ఆగిపోయింది, పని ఆగిందా అని కాపలా కాసే వాచ్‌డాగ్ రీసెట్ చేసింది. మధ్యస్థాయి పనులు ముగిస్తే అది దానంతటదే విడిపోతుంది. డెడ్‌లాక్ ఎంతకాలం ఆగినా విడిపోదు.

నాలుగు షరతుల్లో వలయాన్నే ఎంచుకోవడం ఎందుకంటే, కెర్నల్‌లో మిగతా మూడింటిని వదులుకోవడం కష్టం. లాక్ అంటేనే ఒక్కరే వాడటం. సగం మార్చిన డేటా మీద నుంచి లాక్‌ను లాక్కుంటే ఆ డేటా పాడవుతుంది. అన్ని లాకులూ ముందే ఒకేసారి తీసుకోవాలంటే ఏవి కావాలో ముందే తెలియాలి, చాలాసార్లు మొదటి లాక్ తీసుకుని లోపల చూస్తేనే రెండోది ఏదో తెలుస్తుంది. మిగిలింది క్రమం. వనరులకు ఒక వరుస ఇచ్చి ఎప్పుడూ ఆ వరుసలోనే అడగమని హావెండర్ 1968లోనే రాశారు. కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీల వ్యాసం ఆ తర్వాత 1971లో వచ్చింది.

ట్రైలాక్ గురించి: అది ఎదురుచూడదు కనుక తిరుగు క్రమంలో వాడినా వలయం ఏర్పడదు, నిజమే. కానీ దొరకనప్పుడు ఏం చేస్తావు? చేతిలో ఉన్నవి వదిలి మొదటినుంచి రావాలి. మధ్యలో చేసిన పని అంతా వెనక్కి తీయాలి. రెండు త్రెడ్లు ఇలా వదులుతూ పట్టుకుంటూ ఒకదానికొకటి అడ్డుపడుతూనే ఉండవచ్చు. పద్ధతిగా వాడిన చోట్లు లేకపోలేదు. నెట్‌వర్కింగ్‌లో ఆర్‌టీఎన్‌ఎల్ అనే ప్రధాన లాక్ పట్టుకుని ఒక నెట్‌వర్క్ పరికరాన్ని తొలగిస్తున్నారనుకో. దాని సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళను (పరికరాల వివరాలను కెర్నల్ చూపే ఫైళ్ళు) తీసేయాలి, వాటిని చదువుతున్నవారు, రాస్తున్నవారు బయటికి వచ్చేదాకా ఆగాలి. అదే సమయంలో ఆ ఫైలులో రాస్తున్న ఫంక్షన్‌కు ఆర్‌టీఎన్‌ఎల్ లాక్ కావాలి. అందుకే ఆ ఫంక్షన్ ట్రైలాక్ చేసి, దొరకకపోతే సిస్టమ్ కాల్‌నే మొదటినుంచి నడిపించమని తిరిగి వచ్చేస్తుంది. ఇది ఒకచోట పనికొచ్చింది కదా అని అలవాటు చేసుకోకూడదు.

---

కిరణ్

సరే, క్రమమే దారి అనుకుందాం. అప్పుడు లాక్ చిరునామా చూసి, తక్కువ చిరునామా ఉన్నది ముందు అని ఒకే నియమం పెట్టుకుంటే ఎవరూ ఏదీ గుర్తుంచుకోనక్కరలేదు.

---

ఫరీదా

ఒకే జాతి లాకులు రెండు కావలసినప్పుడు అది చక్కటి నియమం. రెండు పైపులను (ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంపే దారులు) కలిపి లాక్ చేసే చోట అలాగే చేస్తారు. షెడ్యూలర్‌లో రెండు రన్‌క్యూలను (నడవడానికి సిద్ధంగా ఉన్న పనుల వరుసలు) కలిపి పట్టుకునేటప్పుడు కూడా చాలాకాలం చిరునామానే చూసేవారు. ఇప్పటి కోడులో సీపీయూ సంఖ్యను చూస్తారు.

కానీ వేరువేరు జాతుల లాకుల మధ్య చిరునామా నియమం నిలబడదు. పైనున్న ఓపెన్‌నే చూడండి: జాబితా లాక్ లేకుండా పరికరం ఎక్కడుందో తెలియదు. పరికర లాక్ చిరునామా తక్కువని తేలినా దాన్ని ముందు తీసుకోవడం కుదరదు.

ఫైల్ సిస్టమ్‌లో రీనేమ్ దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. డైరెక్టరీల నియమం: తల్లి ముందు, బిడ్డ తర్వాత. ఒక ఫైలును ఒక డైరెక్టరీ నుంచి మరొక డైరెక్టరీకి తరలించాలంటే రెండు తల్లి డైరెక్టరీలనూ లాక్ చేయాలి. వాటిలో ఒకటి రెండోదానికి పూర్వీకురాలైతే దాన్నే ముందు తీసుకోవాలి. ఆ సంగతి తేలాలంటే చెట్టు పైకి ఎక్కి చూడాలి. మనం చూస్తుండగా మరొకరు మరో రీనేమ్‌తో ఆ చెట్టునే మార్చేస్తే? అప్పుడు నేను చూసిన బంధుత్వం లాక్ చేసే సమయానికి తలకిందులై ఉంటుంది. అందుకని డైరెక్టరీల మధ్య జరిగే రీనేమ్‌లకోసమే ఒక్కో ఫైల్ సిస్టమ్‌కు ఒక మ్యూటెక్స్ ఉంది. ముందు దాన్ని పట్టుకుంటారు, దాంతో చెట్టు ఆకారం స్థిరపడుతుంది, ఆ తర్వాతే ఎవరు పూర్వీకులో చూస్తారు. డైరెక్టరీలు కాని రెండు ఫైళ్ళను కలిపి పట్టుకోవాల్సి వస్తే మాత్రం అక్కడ మళ్ళీ చిరునామా క్రమమే. ఒక్క సిస్టమ్ కాల్‌లో రెండు రకాల క్రమాలూ పక్కపక్కనే పనిచేస్తాయి. వీటన్నిటి మీద చేసిన నిరూపణను కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో డైరెక్టరీ లాకింగ్ పత్రంలో వాక్యం వాక్యంగా రాసిపెట్టారు. చదివితీరాల్సిన పత్రం.

---

సందీప్

అందరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను. ఓపెన్ ఇప్పుడు జాబితా లాక్ కింద పరికరాన్ని వెతికి, రిఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారన్న లెక్క) ఒకటి పెంచి, జాబితా లాక్ వదిలేస్తుంది. ఆ తర్వాతే పరికర లాక్ తీసుకుని, పరికరం ఇంకా ఉందో పోయిందో గుర్తు చూస్తుంది. డిస్‌కనెక్ట్ ముందు జాబితా లాక్ తీసుకుని తొలగించి, దాన్ని వదిలి, తర్వాత పరికర లాక్ తీసుకుని గుర్తు పెడుతుంది. రెండు లాకులూ ఒకేసారి చేతిలో ఉండే చోటే లేదు.

మొదటి హెచ్చరిక పోయింది. కానీ దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది! ఈసారి పరికర లాక్‌కూ ఒక వర్క్‌కూ (తర్వాత చేయమని వాయిదా వేసిన పని) మధ్య వలయం అంటోంది. వర్క్ అనేది లాకే కాదు కదా?

---

లక్ష్మీప్రసన్న

ఇది కొత్తగా పుట్టింది కాదు, ముందునుంచీ ఉన్నదే. మొదటి హెచ్చరిక ఇచ్చాక లాక్‌డెప్ తనను తాను ఆపేసుకుంటుంది, మళ్ళీ బూట్ చేసేదాకా ఏదీ చెప్పదు. అందుకే హెచ్చరికలతో నడిచే యంత్రం మీద పరీక్షలు చేయడం వ్యర్థం. మొదటిది మీ కోడుది కాకపోయినా సరే, అది ఉన్నంతకాలం మీ లోపాలు కనిపించవు.

నా ఊహ చెబుతాను, సరిచూడండి. డిస్‌కనెక్ట్ పరికర లాక్ పట్టుకుని, పెండింగ్‌లో ఉన్న వర్క్‌ను రద్దు చేసి అది ముగిసేదాకా ఆగే ఫంక్షన్‌ను పిలుస్తోంది. ఆ వర్క్ ఫంక్షన్ మొదటి వరుసలోనే పరికర లాక్ అడుగుతోంది. వర్క్ అప్పటికే నడవడం మొదలుపెట్టి ఉంటే అది లాక్ కోసం ఆగుతుంది, లాక్ పట్టుకున్నవారు వర్క్ కోసం ఆగుతారు.

వర్క్ లాక్ కాదన్నారు. ఎదురుచూపు ఉన్న ప్రతిదీ క్రమంలో చేరాల్సిందే. వర్క్ ముగింపు కోసం ఆగడం, టైమర్ ముగియడం కోసం ఆగడం, మరో త్రెడ్ పూర్తయిందని చెప్పేదాకా ఆగడం, అన్నీ అంతే. వర్క్‌క్యూలకు, టైమర్లకు లాక్‌డెప్‌లో నకిలీ లాకులు పెట్టి ఉంచారు కాబట్టి ఇది దొరికింది.

---

సందీప్

అచ్చంగా అదే. ఇప్పుడు పరికర లాక్ కింద పోయిందన్న గుర్తు పెట్టి, లాక్ వదిలి, ఆ తర్వాత వర్క్‌ను రద్దు చేస్తున్నాను. వర్క్ ఫంక్షన్ కూడా లాక్ తీసుకోగానే గుర్తు చూసి, పోయి ఉంటే ఏమీ చేయకుండా వెనక్కి వస్తుంది.

---

రమణమూర్తి

బాగుంది. రిఫరెన్స్ కౌంట్ విషయంలో ఒక జాగ్రత్త. పరికర లాక్ ఉన్నది ఆ పరికర నిర్మాణం లోపలే. చివరి రిఫరెన్స్ వదిలితే ఆ మెమరీ విడుదలైపోతుంది. కాబట్టి ముందు అన్‌లాక్, తర్వాత రిఫరెన్స్ వదలడం. లాక్ చేతిలో ఉండగా వదిలితే, విడుదలైన మెమరీలోని లాక్‌ను మీరు తర్వాత అన్‌లాక్ చేస్తారు. ఈ లోపం లాక్‌డెప్‌కు కాదు, మెమరీ తప్పులను పట్టే కాసాన్‌కు దొరుకుతుంది. రెండూ ఆన్ చేసి నడపండి.

డ్రైవర్‌లో స్పిన్‌లాక్, అంటే దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్, ఏదైనా ఉందా? యూఎస్‌బీ బదిలీ పూర్తయినప్పుడు పిలిచే ఫంక్షన్‌లో ఉంటుంది సాధారణంగా.

---

సందీప్

ఉంది. బఫర్ల వరుసకు ఒక స్పిన్‌లాక్. రీడ్ ఫంక్షన్‌లో మామూలు స్పిన్ లాక్ పిలుపే వాడారు, ఇంటరప్టులు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి పరికరాలు చేసే పిలుపులు) ఆపలేదు.

---

రమణమూర్తి

అది మార్చండి. రీడ్ ఆ స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చి, బదిలీ పూర్తయినప్పుడు పిలిచే ఫంక్షన్ అదే లాక్ అడిగితే, ఆ సీపీయూ అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. లాక్ వదలాల్సిన కోడు ఈ ఇంటరప్ట్ కింద నలిగి ఉంది, అది నడిచేదెలా? ఇక్కడ రెండో లాకే అక్కరలేదు, ఒక్క లాక్ చాలు. ఇంటరప్ట్ సందర్భంలో తీసుకునే ప్రతి స్పిన్‌లాక్‌నూ బయట ఇంటరప్టులు ఆపే పిలుపుతోనే తీసుకోవాలి. అనూష గారు ఎమ్‌ఐటీ వారి బోధనా కెర్నల్ ఎక్స్‌వీ6 చదువుతుంటే, అందులో స్పిన్‌లాక్ తీసుకోగానే ఇంటరప్టులు ఆగేలా రాసింది ఇందుకే. ఎన్ని లాకులు పట్టుకుంటే అన్నిసార్లు లెక్క పెంచి, చివరిది వదిలినప్పుడే మళ్ళీ తెరుస్తారు.

---

అనూష

అవునండీ, అది చూశాను. తల్లి ప్రాసెస్ వెయిట్ చేసే లాక్‌ను ఏ ప్రాసెస్ లాక్ కన్నా ముందే తీసుకోవాలని కూడా అందులో ఒక వ్యాఖ్య ఉంది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

---

ఫరీదా

ఇంకో ఎదురుచూపు కూడా చూసుకోండి సందీప్ గారూ, కంటికి అసలు కనిపించనిది: మెమరీ కేటాయింపు. లాక్ పట్టుకుని మామూలు కేటాయింపు చేస్తే, మెమరీ తక్కువైనప్పుడు కెర్నల్ పాత పేజీలను ఖాళీ చేయడానికి ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్ళవచ్చు. మీరు ఫైల్ సిస్టమ్ కోడు లోపల ఉండి ఆ పని చేస్తే, మీ చేతిలో ఉన్న లాకే అక్కడ అవసరం కావచ్చు. ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్ళవద్దని చెప్పే ప్రత్యేక ఫ్లాగ్ ఉన్నది అందుకే. యూఎస్‌బీకి దీని తమ్ముడు ఒకటి ఉంది: స్టోరేజ్ పరికరాన్ని రీసెట్ చేసే దారిలో కేటాయింపు చేస్తే, ఖాళీ చేయాల్సిన పేజీలు ఆ పరికరం మీదికే రాయాల్సినవి కావచ్చు. అక్కడ ఐఓ (పరికరం నుంచి చదవడం, దానికి రాయడం) చేయవద్దనే ఫ్లాగ్ వాడతారు. మీది స్టోరేజ్ కాకపోయినా రీసెట్ దారిని ఒకసారి చదవండి.

---

కిరణ్

ఒక సందేహం. గ్రాఫిక్స్ డ్రైవర్లలో ఒక్క ఆదేశానికి ఎన్నో బఫర్లు లాక్ చేయాలి, ఏవి ఏ వరుసలో వస్తాయో ప్రోగ్రామ్ ఇష్టం. అక్కడ క్రమం ఎలా?

---

ఫరీదా

అక్కడ ముందే క్రమం నిర్ణయించరు. 2013లో 3.11 కెర్నల్‌తో వచ్చిన వెయిట్ వూండ్ మ్యూటెక్స్ వాడతారు. బఫర్లను లాక్ చేయడం మొదలుపెట్టే ప్రతివారికీ ఒక టికెట్ సంఖ్య వస్తుంది. ఇద్దరు తారసపడితే తర్వాత వచ్చినవారికి లోపం కోడు అందుతుంది, వారు తమ చేతిలోని బఫర్లన్నీ వదిలి, వివాదం వచ్చిన బఫర్ కోసమే ముందు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాలి. టికెట్ మారదు కనుక ఎప్పటికైనా వారే పాతవారవుతారు, అన్యాయం జరగదు. డేటాబేస్ లావాదేవీల కోసం 1978లో వచ్చిన ఆలోచన ఇది. వెనక్కి తగ్గే దారి శుభ్రంగా రాయగలిగిన చోటే పనికొస్తుంది.

---

సందీప్

స్పిన్‌లాక్ మార్చాను. రీసెట్ దారిలో పరికర లాక్ పట్టుకుని చేస్తున్న కేటాయింపు ఒకటి కనిపించింది, దాన్ని లాక్ తీసుకోవడానికి ముందుకు జరిపాను. ఒకవైపు ఫైలు తెరిచి మూసే ప్రోగ్రామ్ ఆపకుండా నడుపుతూ, మరోవైపు సిస్‌ఎఫ్‌ఎస్ ద్వారా డ్రైవర్‌ను పరికరం నుంచి విడదీసి తగిలించే స్క్రిప్ట్ రాత్రంతా నడిపాను. లాక్‌డెప్, కాసాన్ రెండూ నిశ్శబ్దం. ఫైలు మొదట్లో ఏ లాక్ దేనికి కాపలా, ఏది దేని కింద తీసుకోకూడదు, ఏ పిలుపుకు ముందు లాక్ వదలాలి అని ఒక వ్యాఖ్య రాశాను.

---

లక్ష్మీప్రసన్న

వ్యాఖ్య ఉండాల్సిందే. మెమరీ నిర్వహణ కోడులో కూడా పెద్ద లాకుల వరుసను ఫైలు మొదట్లో మెట్లు మెట్లుగా రాసి ఉంచారు. దాంతోపాటు, పరికర లాక్ చేతిలో ఉందని నమ్మి నడిచే ప్రతి లోపలి ఫంక్షన్ మొదట్లో, ఈ లాక్ పట్టుకుని ఉండాలి అని లాక్‌డెప్‌ను అడిగే ఒక్క వరుస చేర్చండి. వర్క్‌ను రద్దు చేసే ఫంక్షన్‌లో దానికి వ్యతిరేకమైనది, లాక్ పట్టుకుని ఉండకూడదు అనేది. వ్యాఖ్యను చదవకుండా కోడు మార్చేవారు వస్తారు, లాక్‌డెప్ ఆన్ చేసిన బిల్డ్‌లో ఆ వరుస వారిని అక్కడే హెచ్చరిస్తుంది. లాక్‌డెప్ లేని బిల్డ్‌లో దానికి ఖర్చేమీ లేదు.

ఇంకొకటి: లాక్‌డెప్ నడిచిన దారులనే చూస్తుంది. మీ స్క్రిప్ట్ సస్పెండ్, రెజ్యూమ్ దారులను తాకిందా?

---

సందీప్

తాకలేదు. ఈ రాత్రికి వాటిని చేర్చి నడుపుతాను, ఫలితం రేపు ఇక్కడే పెడతాను.